మాలపల్లికి బాణీ కట్టిన వేసవి

మా వైపు నాటకమంటే పద్యమే. తెనాలి చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. శ్రీరామనవమి పందిట్లో రాయబారమో హరిశ్చంద్రో పడితేనే నవమి జరిగినట్టు లెక్క. పొద్దు వాలకముందే పిల్లలు వెళ్ళి తుంగచాపలు పరిచి చోటు పట్టేవాళ్ళు. ఆడవాళ్ళు వంటలు ముగించుకుని, చంటిపిల్లలకు దుప్పట్లు తీసుకుని వచ్చేవాళ్ళు. కాటిసీను వచ్చేసరికి ఏ రెండో మూడో అయ్యేది. అందాకా నిద్ర ఆపుకుని కూర్చునేది ఆ సీను కోసమే. నాటకం బలిజేపల్లి వారిదే అయినా అక్కడ జనం చెవులు రిక్కించేది జాషువా గారి పద్యాలకు. నటుడు ఐదు శ్రుతిలో ఎత్తుకుని రాగం తీస్తూ పోతే హార్మోనియం వెంటపడేది. వన్స్‌మోర్ కొడితే చచ్చి పడున్న పాత్రధారి కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేవాడు. అందులో ఎవరికీ వింత కనిపించేది కాదు.

అలాంటి ఊళ్ళో, రామారావుగారు ముఖ్యమంత్రి అయిన 1983లో, మా మాస్టారు ‘ఈసారి పద్యాల్లేవు’ అన్నారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లిని పాటల నాటకంగా ఆడదామన్నారు.

మాస్టారు హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. చిన్నప్పుడు గుంటూరు శారదానికేతనంలో ఉన్నవ వారిని కళ్ళారా చూశానని చెప్పుకునేవారు. ఆ చూసింది ఒక్కసారో పదిసార్లో మాకు తేలలేదు కానీ, ఆ పేరు చెప్పినప్పుడల్లా భుజం మీది కండువా సర్దుకునేవారు. వేలూరు జైల్లో 1922లో రాసిన నవల అది. మద్రాసు ప్రభుత్వం దాన్ని ఒకసారి నిషేధించింది, వదిలింది, మళ్ళీ నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకగానీ పూర్తిగా చెర వదల్లేదు. మాస్టారి దగ్గరున్న ప్రతికి అట్ట ఊడిపోయి, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి ఉండేది. డిగ్రీ తప్పి ఖాళీగా తిరుగుతున్న నాకు ఆ కట్ట అప్పజెప్పి, ‘చదివి, ఎక్కడెక్కడ పాట పడుతుందో పెన్సిలుతో గీత పెట్టు’ అన్నారు.

గీతలు పెట్టుకుంటూ పోతే పుస్తకమంతా గీతలే అయింది. ఆ నవలలో కథెంత ఉందో వాదమూ అంత ఉంటుంది. రామదాసు వేదాంతం చెబుతాడు. సంగదాసు కూలీల గురించి, హరిజనుల చదువు గురించి మాట్లాడతాడు. రామానాయుడు తండ్రితో తర్కిస్తాడు. ఉత్తరాలూ ఉపన్యాసాలూ కోర్టు సంగతులూ జైలు సంగతులూ అన్నీ ఉంటాయి. చదువుకుంటుంటే బాగానే ఉంటుంది, ఆగి ఆలోచించుకోవచ్చు. పందిట్లో కూర్చున్నవాడికి ఆగే వీలేదీ? వాదం మూడు నిమిషాలు దాటితే బీడీ కోసం లేస్తాడు.

మాస్టారు కత్తిరింపు మొదలుపెట్టారు. మంగళాపురం, రామదాసు ఇల్లు, భార్య మాలక్ష్మి, కొడుకులు వెంకటదాసూ సంగదాసూ, కూతురు జ్యోతి, మేనల్లుడి వరస అప్పాదాసు. ఇటు భూస్వామి చౌదరయ్య, ఆయన కొడుకు రామానాయుడు, కోడలు కమల. సంగదాసు చౌదరయ్య చేతిలో చనిపోవడంతో సగం. ఆ తర్వాత వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడిగా మారి పెద్దల గాదెలు కొల్లగొట్టి పేదలకు పంచడం, కుటుంబం జైళ్ళపాలవడం, జ్యోతి, అప్పాదాసుల చావు, చివరికి రామదాసు ఒంటరిగా మిగలడం. ఇదీ మిగిల్చుకున్న ఎముకలగూడు. కమల కథ తీసేద్దామని మాస్టారు, వద్దని వాళ్ళావిడ. ‘మగాళ్ళందరూ లోకాన్ని బాగుచేస్తుంటే ఆ పిల్ల ఏం చేస్తోందో ఎవరూ అడగలేదు కదండీ, కనీసం మీరైనా ఒక పాటివ్వండి’ అని ఆవిడ వంటింట్లోంచే అనేవారు. ఒక పాట ఇచ్చారు. నిజానికి మొత్తం నాటకంలో నాకు మిగతావాటికంటే నచ్చింది ఆ పాటే. ప్రదర్శన రోజున దానికి చప్పట్లు పడలేదు, అది వేరే సంగతి.

హార్మోనియం తాత దగ్గర అసలు పేచీ వచ్చింది. ఆయన పేరున్న హార్మోనిస్టు. పెద్ద పెద్ద కృష్ణుల పక్కన కూర్చున్నవాడు. మా ప్రయత్నం విని, ‘బాగానే ఉందబ్బాయ్, రామదాసుకి మోహన, సంగదాసుకి బిలహరి, చావుకి ముఖారి’ అని అక్కడికక్కడే రాగాలు పంచేశాడు. ఆయన వాయిస్తే ఆ పాటలు నిజంగానే బావుండేవి. అయితే రామదాసు వేషం వేసేవాడు ఆ మోహనలో ఎత్తుకోగానే, మాల రామదాసు పోయి, గోచీ పెట్టుకున్న హరిశ్చంద్రుడు కనిపించేవాడు. పైగా ఆయన ఎన్నో ఏళ్ళు హరిశ్చంద్రుడు కట్టినవాడాయె. చెయ్యి దానంతటదే కాటికాపరి కర్ర కోసం వెతుక్కునేది.

మాస్టారు తల పట్టుకున్నారు. హైదరాబాదులో ఏ.ఆర్. కృష్ణ గారు మాలపల్లిని ప్రేక్షకుల చుట్టూ రంగస్థలం పరుచుకునేలా ఆడించారనీ, నగ్నముని గారు దాన్ని నాటకంగా రాశారనీ ఆయనకు తెలుసు. ‘వాళ్ళ దారి వాళ్ళది. మనకు చుట్టూ స్టేజీలు కట్టే స్తోమత లేదు, ఒకే పందిరి, ఒకే మైకు. మన దగ్గరున్నది గొంతులు’ అనేవారు. అయితే ఆ గొంతులు ఒంటి గొంతులు. పద్యం పాడేవాడు తానొక్కడే పాడతాడు, పక్కవాడు గొంతు కలిపితే తగాదా. పదిమంది ఒకే శ్రుతిలో, ఒకే ఊపిరిలో పాడటం మా నాటక సమాజంలో ఎవరికీ రాదు. కోత కూలీల పాటను ఇద్దరు పద్యగాళ్ళు పాడితే అది ఇద్దరి పోటీలా ఉంటుంది తప్ప కూలీల పాటలా ఉండదు.

అందరూ కలిసి పాడటం వచ్చినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కచోటే ఉన్నారు. పల్లెలో, అంటే ఊరికి ఆవలి దళితవాడలో, చర్చిలో.

గుంటూరు జిల్లాలో లూథరన్ మిషను అడుగుపెట్టింది 1842లో. నూట నలభై ఏళ్ళుగా మా పల్లెల్లో ఆదివారం ఆదివారం కీర్తనలు పాడుకుంటున్నారు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాతవాళ్ళకు కంఠోపాఠం. మన రాగాల్లోనే, మన తాళాల్లోనే కట్టినవి. ఆడ మగ పిల్లా పెద్దా కలిసి పాడతారు, ఒకరి గొంతు తగ్గితే ఇంకొకరిది ఎత్తుతుంది. ఊరి మధ్య రామమందిరం అరుగు మీద కూర్చుని సంగీతం గురించి అంతంత వాదించుకునే మాకు, కాలవ దాటితే వినబడే ఆ పాట ఎప్పుడూ సంగీతం లెక్కలోకి రాలేదు. మాస్టారు పాస్టరు గారిని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, ‘పిల్లలు వస్తారండీ, కానీ రిహార్సలు ఇక్కడే పెట్టుకోండి’ అన్నారు. ఆ షరతు వెనకున్న సంగతి చెప్పకుండానే అందరికీ అర్థమైంది. రామమందిరం అరుగు మీదికి ఆ పిల్లలు ఎక్కి కూర్చోవడం గురించి ఊళ్ళో ఒక పంచాయితీ జరిగేది.

రిహార్సళ్ళు పల్లెకు మారాయి. మా సమాజంలో సగం మంది జారుకున్నారు. ఒకాయనకు నడుంనొప్పి, ఒకాయనకు పెళ్ళిళ్ళు. హార్మోనియం తాత కూడా రాడనే అనుకున్నాం. మర్నాడు సాయంత్రం పెట్టె నెత్తిన పెట్టించుకుని ముందే వచ్చి కూర్చున్నాడు. ‘శ్రుతికి కులమేంట్రా’ లాంటి మాటలేమీ అనలేదు. ‘ఇంటి దగ్గర కోడలితో పడలేకపోతున్నా’ అన్నాడు.

నవలలోని రామదాసు వైష్ణవభక్తుడు, తత్త్వాలు తెలిసినవాడు. అరవై ఏళ్ళ తర్వాత మా పల్లెలో తత్త్వాలు పాడేవాళ్ళు దాదాపు లేరు. వెతగ్గా ఒక పెద్దాయన దొరికాడు. చర్చికీ వెళ్తాడు, రాత్రిపూట తంబుర తీసి బ్రహ్మంగారి తత్త్వాలూ పాడతాడు. ఎవరైనా అడిగితే ‘ఆయన పొద్దుటి దేవుడు, ఈయన రాత్రి దేవుడు’ అనేవాడు. ఆయన్ని కూర్చోబెట్టి పాడించుకుని, ఆ నడకలోనే రామదాసు పాటలు కట్టారు. ఆలాపన లేదు, గమకాల సాము లేదు. మాటకు మాట ఆనుకుని, దిగుడు బావి మెట్లు దిగినట్టు నెమ్మదిగా కిందికి దిగే పాట. మా హరిశ్చంద్రుడు మొదట ఒప్పుకోలేదు. ‘ఇందులో నేను పాడ్డానికేముందండీ’ అని అలిగాడు. తత్త్వాల పెద్దాయన తంబుర మీటుతూ, ‘పాడమాక. చెప్పు. నీ ఇంట్లోనే ఎవురికో చెబుతున్నట్టు చెప్పు’ అన్నాడు. అరిస్తే వినబడే రకం నటుడు గొంతు తగ్గించడం నేర్చుకోవడానికి చాలా సమయం పట్టింది.

కోతపాటకు ఇంకో చిక్కు. నేను రాసిన పల్లవి ఇదీ:

కోసేది మేమే మోసేది మేమే
కొలిచే కుంచం ఎవరిదిరా

కూలి ధాన్యంగా కొలిచి ఇచ్చే రోజుల కథ కాబట్టి గొడవంతా ఆ కుంచం దగ్గరే ఉంటుంది. పెద్ద కుంచంతో కొలిచి తీసుకోవడం, చిన్న కుంచంతో కొలిచి ఇవ్వడం గురించి పల్లెలో ప్రతి ముసలామె దగ్గరా ఒక కథ ఉంది. పల్లవి నచ్చింది. చరణాలే ఎవరి నోటా పలకలేదు. నేను కాలేజీలో చదువుకున్న గేయాల పద్ధతిలో పొడుగు పొడుగు పాదాలు రాశాను. ఊడ్పులకు వెళ్ళే ఒకామె వంగి చూపించింది. ‘వంగున్నప్పుడు ఇంతే పలుకుద్ది అబ్బాయ్. నడుం లేపినాక తతిమ్మాది.’ నిజమే. ముందు పాడే మనిషి నడుం లేపి ఒక ముక్క అంటుంది, వంగినవాళ్ళు చిన్న ముక్కతో అందుకుంటారు. పొలంలో పాట పొడుగు ఊపిరి పొడుగంతే. చరణాలన్నీ విరగ్గొట్టి, ఆమె వంగుతూ లేస్తూ పాడుతుంటే వాటంగా మళ్ళీ రాసుకున్నాను. డప్పు కుర్రవాడు దరువు మొదలుపెట్టాడు. హార్మోనియం తాత కొంతసేపు విన్నాడు. వేళ్ళు మెట్ల మీద పెట్టి, శ్రుతి మాత్రం పట్టుకుని, ఊరకే ఉండిపోయాడు. జీవితమంతా పాటగాడి వెంట పరిగెత్తిన మనిషి అలా ఒక్క స్వరం మీద నిలబడటం నేను అదే చూడటం.

తక్కెళ్ళ జగ్గడి కథ నవలలో బోలెడు. దోపిడీలు, పంపకాలు, పట్టుబడటం, విచారణ. స్టేజీ మీద ఇవన్నీ చూపిస్తే మళ్ళీ తెల్లారుతుంది. దానికి మాత్రం దారి ఎవరినీ అడగక్కర్లేకుండానే దొరికింది, బుర్రకథ. మా జిల్లాలో బుర్రకథ అంటే పొన్నెకల్లు నాజర్ గారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి, గరికపాటి రాజారావు గారి మనుషులు ఊరూరా తిరిగి వేసిన నాటకాలు, కథలు మా మాస్టారి తరానికి చిన్నప్పటి తిండి. కథకుడు తంబురతో, ఇద్దరు వంతలు గుమ్మెటలతో, ఒక వంత రాజకీయం, ఒక వంత హాస్యం. సంగదాసు చనిపోగానే తెర దించకుండా, శవం అలా ఉండగానే, ముగ్గురు కథగాళ్ళు పందిట్లో జనం మధ్యలోంచి తందాన తానా అంటూ లేచి వస్తారు. వెంకటదాసు జగ్గడైపోతాడు, ఇరవై నిమిషాల్లో సగం నవల గట్టెక్కుతుంది. దాన్ని ఎవరు చూసినా ‘భలే ఎత్తు’ అన్నారు. నవలను నాటకం చేసేవాళ్ళకు ఇప్పటికీ నేను చెప్పేది ఒకటే. సీన్లు కత్తిరించుకుంటూ కూర్చోకండి. ఆ కథ జరిగిన ఊళ్ళో కథ ఎలా చెప్పుకుంటారో చూడండి, సగం పని అక్కడే ఉంటుంది.

జ్యోతి వేషానికి తెనాలి నుంచి ఆర్టిస్టును మాట్లాడారు. ఆమె రేటు ఆమెది, బస్సు ఛార్జీలు, రాత్రి భోజనం మావి. ముందురోజు మధ్యాహ్నం వచ్చి పోర్షను చూసుకుంది. మా పాటలన్నీ విని, ‘బాగున్నయ్యండీ. జ్యోతి ఎప్పుడు నవ్వుద్దండీ?’ అంది. మాస్టారు నా వంక చూశారు. జ్యోతికి రాసిన మూడు పాటలూ ఏడుపే. చివర్లో చచ్చిపోతుందని మాకు తెలుసు కదా, మొదటి సీను నుంచే ఏడిపించడం మొదలుపెట్టాం. ‘నవ్వినదాన్ని చంపితేనే జనం ఏడుస్తారండీ. ఏడ్చేదాన్ని చంపితే పోన్లే పాపం విముక్తి అనుకుంటారు’ అంది. ఎన్నో నాటకాల్లో ఎన్నో రకాలుగా చచ్చిపోయిన మనిషి మాట అది. ఆ సాయంత్రం కూర్చుని జ్యోతికీ అప్పాదాసుకీ ఒక సరసం పాట రాశాం. తేగల బుర్ర గుంజు నాకంటే నాకని ఇద్దరూ వాదులాడుకునే పాట. ఒక్క రాత్రిలో ఆమె బాణీతో సహా నోటికి పట్టేసింది. అప్పాదాసు కుర్రవాడికే కాళ్ళు వణికాయి, వాడు అంతకుముందు ఆడపిల్లతో మాట్లాడిన పాపాన పోలేదు.

పందిరికి, మైకుసెట్టుకు, ఆర్టిస్టుకు డబ్బులు కావాలి. ఊళ్ళో ఒక మోతుబరి సగం ఖర్చు పెట్టుకుంటానన్నాడు. రిహార్సలు చూడ్డానికి పల్లెకు రాలేదు, మాస్టారినే ఇంటికి పిలిపించుకున్నాడు. కాఫీ ఇచ్చాక, ‘అంతా బాగుంది మాస్టారూ. ఆ పెద్దాయన పేరు మార్చండి, చౌదరయ్య వద్దు. ఏ నాయుడో రెడ్డో పెట్టండి’ అన్నాడు. మాస్టారు నవ్వి, ‘నేను పెట్టిన పేరు కాదండీ, ఉన్నవ వారు పెట్టిన పేరు. ఆయన్ని బ్రిటిష్ వాళ్ళు జైల్లో పెట్టారు కానీ పేరు మార్చమనలేదు’ అన్నారు. చివరికి మధ్యేమార్గంగా, పాటల్లో ఎక్కడా పేరు పలకకుండా, మాటల్లో మాత్రం పలికేట్టు సర్దుకున్నారు. దాంతో ఒక తమాషా జరిగింది. పాటలో ‘ఆయన’ అని వచ్చినచోటల్లా పందిట్లో తలలన్నీ ముందువరస కుర్చీల వైపు తిరిగేవి. పేరుంటే అది కథలో ఒకడి పేరుగానే ఉండిపోయేది.

ప్రదర్శన రాత్రి గురించి ఎక్కువ చెప్పను. కొత్త నాటకం మొదటి ఆట ఎక్కడైనా ఒకటే. మైకు ఒక్కటే, తాడుకు వేలాడదీసింది. పద్యగాడైతే దాని కింద నిలబడి పాడేసి పోతాడు. పన్నెండుమంది కోత కోస్తూ మైకు కిందికి ఎలా వస్తారు? అంచున ఉన్నవాళ్ళ గొంతు వినబడదు. మైకు కుర్రవాడే ఉపాయం చెప్పాడు, కల్లం మధ్యలో కుప్ప ఉండాలి కదా, ఆ గడ్డికుప్పలో ఇంకో మైకు దాచిపెడదామని. లైట్లకు మట్టి జాడీల్లో ఉప్పునీళ్ళు పోసిన డిమ్మర్లు. సంగదాసు పడిపోయేటప్పుడు వెలుగు నెమ్మదిగా తగ్గాలి. తగ్గింది, ఆ తర్వాత కావాల్సినప్పుడు పెరగలేదు. బుర్రకథ ముగ్గురూ చీకట్లోనే లేచి, చీకట్లోనే జనాన్ని తోసుకుంటూ వచ్చారు. అది కావాలని చేసిందేనని తర్వాత అందరూ మెచ్చుకున్నారు.

కోతపాటకు వన్స్‌మోర్ పడింది. పద్యానికి తప్ప పాటకు వన్స్‌మోర్ మా పందిట్లో అదే వినడం. మాస్టారు సైడ్‌వింగులోంచి వద్దని చెయ్యి ఊపుతున్నారు. ఎందుకంటే ఆ పాట చివర్లోనే గొడవ మొదలై, సంగదాసుకు దెబ్బ తగులుతుంది. మళ్ళీ పాడితే కథ వెనక్కి పోవాలి. కుర్రవాళ్ళు మాస్టారి వంక చూడలేదు. మళ్ళీ మొదటినుంచీ పాడారు. ఈసారి పల్లెవాళ్ళు కూడా కలిశారు. అప్పటిదాకా పందిరికి ఆవల, గట్టు మీద నిలబడి చూస్తున్నవాళ్ళు. ఆ రాత్రి వాళ్ళు లోపలికి వచ్చారో, పాటే గట్టు దాకా వెళ్ళిందో కానీ, మధ్యలో ఖాళీ జాగా మాత్రం కనబడలేదు.

తర్వాత రెండేళ్ళు అడపాదడపా ఆడాం. ఒక పరిషత్తు పోటీకి కుదించి వేశాం. జడ్జీలు ‘సంభాషణల్లో పటిష్ఠత లేదు, పాటలు ఎక్కువ’ అని రాశారు. పాటల నాటకంలో పాటలు ఎక్కువున్నాయనడం నాకిప్పటికీ అర్థం కాదు. పోటీల కోసం నాటకం రాసుకునే అలవాటు మన నాటకాన్ని ఎంత చెడగొట్టిందో చెప్పాలంటే అదొక పెద్ద గ్రంథం. వదిలేస్తాను.

1985 వేసవిలో మళ్ళీ పెద్ద ఎత్తున వేద్దామని, రెండో సగం తిరగరాద్దామని మాస్టారు కూర్చున్నారు. జ్యోతి, అప్పాదాసుల చావు తర్వాత రామదాసు పాడే చివరి తత్త్వం ఆయనకు తృప్తిగా లేదు. ‘అన్నీ పోగొట్టుకున్నవాడు అంత ప్రశాంతంగా ఉంటే జనం నమ్ముతారా?’ అని నన్నే అడిగేవారు. నవలలో అది నమ్మేట్టే ఉంటుంది. అన్ని పేజీలు ఆయనతో నడిచాం కాబట్టి. రెండున్నర గంటల్లో నమ్మించడం కష్టం. ఆ చివరి పాటకు మూడు రకాల బాణీలు కట్టి చూశారు.

జులై 17న కారంచేడు జరిగింది.

మా ఊరికి అది మరీ దూరం కాదు. పక్క జిల్లా. అక్కడ భూస్వాములు దళితవాడ మీద పడి మనుషుల్ని చంపారు. పేపర్లో ఫోటోలు వచ్చాయి, చీరాలలో శిబిరం పెట్టుకున్నారన్న వార్తలు వచ్చాయి. మర్నాడు మాస్టారూ నేనూ పల్లెకు వెళ్ళాం. కోరస్ పిల్లలు చర్చి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ లేవలేదు, ఎవరూ మొహం తిప్పుకోలేదు. వాళ్ళలో కాస్త పెద్దవాడు, సంగదాసు వేషం వేసినవాడు, ‘మాస్టారూ, ఇంక నేను స్టేజీ మీద పడిపోలేనండి’ అన్నాడు. మాస్టారు ‘సరే నాయనా’ అన్నారు. తిరిగి వస్తూ కాలవ వంతెన దాటేదాకా మాట్లాడలేదు. దాటాక, ‘వాడన్నది నిజమే. మొన్నటిదాకా మనం 1922 నాటి కథ ఆడుతున్నామనుకున్నాం’ అన్నారు. ఆ నాటకం మళ్ళీ ఆడలేదు. డబ్బిచ్చిన మోతుబరి కూడా మళ్ళీ కాఫీకి పిలవలేదు.

పాట మాత్రం మా చేతుల్లోంచి వెళ్ళిపోయింది. ఆ కుర్రవాళ్ళు సభల్లో, ఊరేగింపుల్లో కోతపాట పాడుతున్నారని కొన్నాళ్ళకు విన్నాను. 1991లో చుండూరులో దళితుల్ని చంపాక తెనాలిలో ఒక సభ పక్కనుంచి పోతుంటే నా చెవిన పడింది. హార్మోనియం లేదు, డప్పులే. చరణాలు కొత్తవి, ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు ఉన్నాయి. పల్లవి కూడా కొంచెం మారింది. ‘కొలిచే కుంచం ఎవరిదిరా’ పోయి ‘కొలిచే కుంచం లాగరా’ అయింది. రాసినవాడిగా చెబుతున్నాను, నాది ప్రశ్న అడిగి ఊరుకుంది, వాళ్ళది పని చెప్పింది. దరువుకు కూడా అదే బాగా కూర్చుంది.

మాస్టారు, హార్మోనియం తాత, తత్త్వాల పెద్దాయన ఇప్పుడు లేరు. స్క్రిప్టు నా దగ్గరే ఉంది, రూళ్ళ నోటుబుక్కుల్లో, మాస్టారి ఎర్రసిరా దిద్దుబాట్లతో. ఈమధ్య రంగస్థల కళల్లో పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒకామె వెతుక్కుంటూ వచ్చి, మళ్ళీ వేద్దామనుకుంటున్నామండీ అంది. జిరాక్సు తీయించి ఇచ్చాను. చివరి తత్త్వానికి మాస్టారు కట్టిన మూడు బాణీలూ నాకు గుర్తున్నంతలో ఫోన్లోకి పాడి ఇచ్చాను, ఏది నప్పుతుందో ఆమే చూసుకుంటుంది. కోతపాట పేజీ మాత్రం కొట్టేసి, పల్లెకు వెళ్ళి ఇప్పుడు పాడుతున్నట్టు రాసుకోమని దారి చెప్పాను. కింద రచన అని నా పేరు వేయొద్దని కూడా చెప్పాను. కమల పాట కింద మాత్రం మాస్టారి భార్య పేరు వేయమన్నాను. అందులో సగం మాటలు ఆవిడవే.